కన్నార్పని బల్బు

కంకర క్రషర్లో అతన్ని అందరూ బావ అనే పిలిచేవాళ్లు. నిజానికి అతను అక్కడ ఒక్కడికే బావ. క్రషర్ వైర్‌మన్ అతని భార్యకు సొంత తమ్ముడు. ఆ తమ్ముడు పొద్దున లేచింది మొదలు "బావా, బావా" అని కేకలేస్తూ తిరుగుతుంటే విని విని లారీ డ్రైవర్లూ, జల్లెడ దగ్గర పనిచేసేవాళ్లూ అదే పిలుపు అందుకున్నారు. చివరికి యజమాని కూడా "బావగారు వచ్చారా?" అని అడిగేదాకా వెళ్లింది. ఆ వరసన అతని భార్య ఊరుమ్మడి అక్క అయి కూర్చుంది. యజమానికి నువ్వు అక్కవెలా అవుతావని ఎవరో వేళాకోళం చేస్తే, "ఇంతింత బండలే పిండైపోతున్న చోట వరసలు మాత్రం నిలబడతాయా" అందట.

నేను వాళ్లను ఎరిగింది క్రషర్ పక్కనున్న వరస గదుల్లో చివరి గది అద్దెకు తీసుకున్న ఏడాది. తిరగడం తప్ప మరో పని ఎరగని నా కాళ్లు కొన్నాళ్లు మొరాయించాయి. ఒక మూల చూసుకుని కదలకుండా ఉండమని వైద్యుడు చెప్పాడు గానీ దుమ్ము పడని మూల అక్కడ లేదు. రాతి దుమ్ము బియ్యంలో ఉండేది, దిండు గలీబులో ఉండేది, పుస్తకం తెరిస్తే పుటల మధ్య నుంచి రాలేది. పక్క గది బావా అక్కలది. మధ్య గోడ పల్చన. వాళ్లింట్లో గిన్నె పడితే నేను ఉలిక్కిపడేవాణ్ణి. బావ ఉలిక్కిపడేవాడు కాదన్న సంగతి నాకు చాలా రోజుల తర్వాత గాని తట్టలేదు.

బావ పని మోటారును లేపడం. రాళ్లు నమిలే ఇనప దవడ ఒకటుంది అక్కడ, దాన్ని తిప్పే పెద్ద మోటారు. ఫ్యాను వేస్తారు, లైటు వేస్తారు, ఆ మోటారును మాత్రం లేపుతారు. మాట సరిగ్గానే పడింది. తిరుగుతున్న మోటారు సాధువు. నిలిచిపోయిన మోటారును కదిలించడమే కష్టం. నిద్రపోతున్న మనిషి నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరించినట్టు నేరుగా కరెంటు కలిపేస్తే, అది మామూలుగా తాగేదానికి ఐదారింతలు ఒక్క గుక్కలో లాగేస్తుంది. చిన్న మోటారైతే ఫర్వాలేదు. పెద్దదైతే చుట్టుపక్కల దీపాలన్నీ మసకబారతాయి, బెల్టులు తెగుతాయి. అందుకని మనిషి రకరకాల ఉపాయాలు పన్నాడు. స్టార్-డెల్టా అని ఒకటి: మోటారు లోపలి చుట్లను మొదట ఒక తీరుగా కలిపి తక్కువ కరెంటు అందిస్తారు, కాస్త ఊపందుకున్నాక తీరు మార్చి పూర్తిగా ఇస్తారు. మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, వోల్టేజి కొంచెం కొంచెం వడ్డించే పద్ధతి ఇంకొకటి. కానీ ఇనప దవడ లాంటి మొండి బరువును కదపాలంటే ఇవి చాలవు. కరెంటు తక్కువ తాగాలి, బలం మాత్రం మొదటి క్షణం నుంచే చూపించాలి. దానికో మోటారు వేరే ఉంది. దాని తిరిగే భాగంలోని తీగలు మూడు రాగి ఉంగరాల ద్వారా బయటికొస్తాయి. ఆ తీగల దారిలో ఇనప పలకల అడ్డు పెడతారు. అడ్డంతా ఉండగా లేపి, వేగం అందుకుంటున్న కొద్దీ పిడి తిప్పుతూ ఒక్కో మెట్టు అడ్డు తీసేస్తూ పోవాలి.

పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. ఆ పిడి పట్టుకుని నిలబడే మనిషి గురించి ఉండదు. తొందరపడి అడ్డు తీసేశావా, మోటారు ఊపందుకోకముందే కరెంటు దాని మీద పడి కుమ్ముతుంది. ఆలస్యం చేశావా, అడ్డు పలకలు ఎర్రగా కాలి కూర్చుంటాయి. గడియారం చూసి తిప్పుదామంటే రోజూ ఒకలా ఉండదు. చలి రోజుల్లో గ్రీజు గడ్డకట్టి ఉంటుంది, వానకు బెల్టు నాని ఉంటుంది, ముందురోజు దవడలో ఇరుక్కున్న రాయి ఉండనే ఉంటుంది. బావ చెవితో లేపేవాడు. అతని మాటల్లో చెప్పాలంటే మోటారు మొదట మూలుగుతుంది, తర్వాత గొణుగుతుంది, ఆ గొణుగుడు పలచబడి సన్నని రాగంలోకి తిరిగిన చోట పిడి ఒక మెట్టు జరపాలి. మళ్లీ మూలుగు, మళ్లీ రాగం. చివరి మెట్టు దాటాక మోటారు నోరు మూసుకుని పని చూసుకుంటుంది.

మోటారు ఒక గదిలో, పిడి ఒక గదిలో. దుమ్ము పడకుండా మధ్యన గోడ, గోడకు ఒక అద్దం. దుమ్ము ఆ అద్దాన్ని ఎప్పుడో మూసేసింది. పిడి ఉన్న గదిని స్టార్టరు గది అనేవాళ్లు. కిటికీ లేని ఆ గదిలో పసుపు పచ్చని పాత బల్బు ఒకటి వేలాడేది. కరెంటు ఎంత తాగుతోందో చూపించే మీటరు ఒకప్పుడు ఉండేది. దాని ముల్లు ఒక చోట ఇరుక్కుపోయి చాలా ఏళ్లయింది. కొత్తది పెట్టిస్తానని ఇంజినీరు అన్నప్పుడు, "నా చెవులుండగా ముల్లెందుకండీ" అన్నాడట బావ. ఆ ముక్క క్రషరంతా చెప్పుకుని నవ్వుకున్నారు. మెచ్చుకోలుగానే నవ్వుకున్నారు.

మా వరస గదులకూ క్రషర్‌కూ కరెంటు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చేది. మట్టిగుట్ట అడ్డం ఉండడంతో మోటారు లేచే చప్పుడు మాకు వినపడదు. దవడలో రాళ్లు పడ్డాకే మా గోడలదిరేవి. కానీ మోటారు లేస్తున్న సంగతి మా దీపాలకు ముందే తెలిసేది. పొద్దున్నే వంటింట్లో వెలుగుతున్న బల్బు ఒకసారి తల వంచి, మెల్లగా లేచి, మళ్లీ కొంచెం వంగి, మళ్లీ లేచి, అలా చిన్న చిన్నగా వంగుతూ లేస్తూ చివరికి నిటారుగా నిలబడేది. మిగతావాళ్లు పట్టించుకునేవాళ్లు కాదు. అక్క మాత్రం చేతిలో పని ఆపి చూసేది. దీపం నిలబడ్డాక గాని పొయ్యి మీద టీ నీళ్లు పెట్టేది కాదు. నేను సముద్రపు ఒడ్డున ఒక ఊళ్లో కొన్నాళ్లున్నాను. పడవలు తిరిగి వచ్చే వేళకు ఆడవాళ్లు దూరాన కదిలే లాంతర్లు చూసి ఎవరి మనిషి ఎక్కడున్నాడో చెప్పేవాళ్లు. ఆ ఆడవాళ్లను చూడకపోయి ఉంటే అక్క బల్బు వైపు ఎందుకలా చూస్తోందో నాకు అర్థమయ్యేది కాదు. పెళ్లయిన ఏడు నుంచీ రోజూ ఆమెకు మొగుడి దగ్గర నుంచి అందే కబురు అది.

కాబట్టి అతని చెవులు పోతున్నాయని అతనికన్నా ముందు ఆమెకే తెలిసింది. దీపం తీరు మారింది. ఒక పొద్దున లోతుగా కుంగి ఒక్క ఊపున లేచేది. ఇంకో పొద్దున లేచి నిలబడ్డాక కూడా చాలాసేపు తర్వాతి వంపు వచ్చేది కాదు, చెయ్యి ఎటూ తేల్చుకోలేకపోతున్నట్టు. ఒంట్లో బాగాలేదా అని అడిగితే బాగానే ఉందనేవాడు. దుమ్ములాగే ఆ చెవుడు కూడా మెల్లగా పేరుకుంది. అతనికి లోకమే కాస్త గొంతు తగ్గించినట్టు అనిపించింది.

ఒకరోజు అన్నం తింటున్న బావ వెనకాల నిలబడి ఆమె మామూలు గొంతుతో, "మీ చెప్పులు తగలబడుతున్నాయి" అంది. అతను ముద్ద కలుపుకుంటూనే ఉన్నాడు. ఆమె ముందుకొచ్చి కూర్చుంది.

"మీకు వినపడటం లేదు."

"వినపడుతోంది."

"అయితే వెనకాల నించుని ఇప్పుడేమన్నాను?"

అతను కాసేపు ఆమె మొహం చదివాడు. "ఉప్పు సరిపోయిందా అన్నావు" అన్నాడు.

అతను కంచంలోకి చూస్తూ, తమ్ముడికి చెప్పొద్దని బతిమాలాడు. వాడికి తెలిసిన కబురు పొద్దెక్కేసరికి జల్లెడ దాకా పాకుతుందన్నాడు. ఆమె వాదించింది. వైద్యుడి దగ్గరికి వెళ్దామంది, వేరే పని అడుగుదామంది. అప్పుడతను అన్న మాట పల్చటి గోడ ఇవతల నాకూ వినపడింది. "ఆ పిడి తప్ప నా చేతికి ఇంకో పని తెలీదే. అది పోతే ఈ చేతుల్ని ఏం చేసుకోను?"

చెప్పకూడదని అలా నిర్ణయమైపోయింది. పిడి దగ్గర నిలబడగలిగినన్నాళ్లు నిలబడాలి. దానికి ఆమె కూడా ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది.

అతను ఇనప పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూశాడు, నేల మీద చెప్పులు విప్పి నిలబడి చూశాడు. వణుకు తెలిసేది గాని అది మోటారుదో, అవతల ముందే నడుస్తుండే డ్రిల్లింగు కంప్రెసర్‌దో తెలిసేది కాదు. పోయిన మీటరు పెట్టించమని ఇంజినీర్ని అడగొచ్చు. కానీ ఏ నోటితో అడుగుతాడు? చెవులుండగా ముల్లెందుకని అన్నది తనే. ఇప్పుడు ముల్లు కావాలంటే చెవులు లేవని చెప్పినట్టే. ఈలోగా తప్పు తిప్పినప్పుడల్లా కరెంటు ఎక్కువై ట్రిప్పు పడిపోయేది. మోటారును కాపాడటానికి పెట్టిన కొక్కెం అది. హద్దు దాటితే దానంతటదే ఊడి కరెంటు ఆపేస్తుంది. మాటిమాటికీ ఊడితే జనం అడుగుతారు. అందుకని ఒకరోజు బావ దాని కింద చిన్న చెక్కముక్క దోపాడు. కొక్కెం ఊడటం మానేసింది. పాత స్టార్టర్ల దగ్గర పనిచేసినవాళ్లలో ఆ చెక్కముక్క సంగతి తెలియనివాళ్లు ఉండరు. తాత్కాలికం అనుకునే దోపుతారు ఎవరైనా.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, "ఎలా ఉంది ఇవాళ?" అని అడిగేవాడు. ఆమె మాటల్లో చెప్పేది కాదు. అరచెయ్యి గాలిలో చాచి, దీపం ఎలా కుంగిందో అలా దించి, ఎలా లేచిందో అలా లేపి చూపించేది. ఎక్కడ తొందరపడ్డాడో అక్కడ చెయ్యి దభీమని పడేది. ఎక్కడ ఆలస్యమయిందో అక్కడ చెయ్యి గాలిలోనే నిలబెట్టి అతని వంక కోపంగా చూసేది. అతను పసిపిల్లాడిలా తలూపేవాడు. ఆమె చెయ్యి చూస్తూ చూస్తూ ఒక సాయంత్రం హఠాత్తుగా అన్నాడు, "నాకూ అక్కడో బల్బుంది కదే."

అంత సులువైన సంగతి ఇన్నాళ్లూ ఇద్దరికీ తట్టనందుకు ఆమె చాలాసేపు నవ్వింది. ఆ గోడ ఇవతల నుంచి నేను ఆమె నవ్వు విన్నది అప్పుడొక్కసారే.

మర్నాడు బావ స్టార్టరు గదిలో బల్బు విప్పి, ఏళ్ల దుమ్ము లుంగీ చెంగుతో తుడిచి మళ్లీ బిగించాడు. కరెంటు కలిపాడు. బల్బు కుంగింది. అతను పిడి బిగించి పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. మోటారు ఊపందుకున్న కొద్దీ బల్బు తేరుకుంది. తేరుకోవడం పూర్తయిన చోట ఒక మెట్టు జరిపాడు. బల్బు మళ్లీ కొంచెం వంగింది, మళ్లీ లేచింది. చెవి చెప్పినదంతా ఇప్పుడు కన్ను చెబుతోంది. ఆ సాయంత్రం అక్క అరచెయ్యి గాలిలో ఎంత మెత్తగా కదిలిందో నేను గుమ్మంలో నిలబడి చూశాను. బావ నా వైపు తిరిగి, "చూశారా పెద్దాయనా" అన్నాడు. ఏం చూశానో చెప్పలేదు. మీసం కింద మాత్రం నవ్వు ఆగలేదు.

ఆ వానాకాలమంతా మోటారు బాగా లేచింది. చెక్కముక్క తీసేయాలని కొన్నిసార్లు అనుకున్నాడట. ఎలాగూ బాగానే నడుస్తోంది కదా అని ఊరుకున్నాడు.

తమ్ముడు మంచివాడు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. తండ్రి పోయాక అక్కాబావలే చేరదీశారు. స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పింది బావే. అతను ఒకటి గమనించాడు. బావ వారం వారం బల్బు తుడుస్తున్నాడు. పిడి పట్టుకున్నంతసేపూ మెడ పైకెత్తి ఆ బల్బు వైపే కళ్లు చికిలించి చూస్తున్నాడు. తమ్ముడు తనకు తెలిసిన లెక్క కట్టుకున్నాడు.

"బావా, నీకు చత్వారం వచ్చింది" అన్నాడు ఒకరోజు జల్లెడ దగ్గర అందరి ముందూ. "పిడి పైన మెట్లు కనపడక బల్బుకేసి దండాలు పెడుతున్నావు."

బావ ఆ పెదాలు చదివాడు. నవ్వేశాడు. "వయసు మీద పడ్డాక కళ్లు ఊరుకుంటాయా" అన్నాడు. అక్కడున్నవాళ్లూ నవ్వారు. కళ్లు పోతే అద్దాలున్నాయి. కళ్ల పేరు చెప్పుకుంటే చెవుల జోలికి ఎవరూ రారు. ఆ సాయంత్రం భార్యకు ఈ సంగతి చెప్పి, తన తెలివికి తానే మురిసిపోయాడు. ఆమె కూడా పోనీలే అనుకుంది. నిజానికి అబద్ధం చాలా చిన్నది. పైగా వాళ్లు పుట్టించింది కాదు, ఎదురొచ్చినదాన్ని లోపలికి రానిచ్చారంతే.

క్రషర్‌కు సెలవు రోజొకటి వచ్చింది. తమ్ముడు బజారుకెళ్లి, ఉన్నవాటిలో మంచిదని ఒక ఎల్‌ఈడీ బల్బు తెచ్చాడు. ఎవరికీ చెప్పకుండా స్టార్టరు గదికి వెళ్లి పాత పసుపు బల్బు విప్పి రాళ్లగుట్ట మీదికి విసిరేసి, కొత్తది బిగించాడు. గది పాలు పోసినట్టయింది. పిడి పక్కన చెక్కిన మెట్ల గుర్తులు కూడా స్పష్టంగా కనపడుతున్నాయి. పొద్దున బావ మొహం చూడాలని అతని సరదా. మర్నాడు కాస్త ముందే వచ్చి, బావ బయటికొచ్చే దారిలో మోటారు గది ముందు కాచుకుని నిలబడ్డాడు కూడా.

ఎల్‌ఈడీ గుణం పాత బల్బుది కాదు. పాత బల్బులో కాలేది తీగ. కరెంటు కుంగితే అదీ కుంగుతుంది. కొత్త బల్బు లోపల చిన్న సరంజామా ఉంటుంది. వచ్చే వోల్టేజి కొంత పడ్డా పెరిగినా అది సర్దుకుని ఒకే వెలుగు ఇస్తుంది. జనం డబ్బిచ్చి కొనేది ఆ గుణం కోసమే. తమ్ముడికి అది తెలుసు. బావకు తెలియదు, వాళ్లింట్లో ఇంకా పాతదే. తెలిసినవాడికి బావ చెవుల సంగతి తెలియదు.

ఆ పొద్దున చలి బాగా ఉంది. గ్రీజు బిగుసుకున్న రోజు. బావ గదిలోకి అడుగుపెట్టి, ఆ తెల్లటి వెలుగు చూసి ఆగాడు. ఎవరి పనో తెలిసిపోయింది, సంతోషించాడు. వెలుగు పెరిగింది కాబట్టి కుంగడం ఇంకా బాగా కనపడుతుందనుకున్నాడట. కరెంటు కలిపాడు. బల్బు వైపు చూశాడు. బల్బు కదల్లేదు. ఇవాళ దవడ పూర్తిగా ఖాళీగా ఉన్నట్టుంది, తేలిగ్గా లేచింది అనుకున్నాడు. ఒక మెట్టు జరిపాడు. బల్బు కన్నార్పలేదు. ఇంకో మెట్టు. కన్నార్పలేదు. పిడి అంత హాయిగా ఎప్పుడూ నడవలేదని తర్వాత అక్కతో చెప్పాడు. మోటారు తన మాట వింటోందనిపించిందట. నిజానికి గోడ అవతల మోటారు ఇంకా మొదటి మూలుగులోనే ఉంది. అడ్డంతా తీసేసి, మొత్తం కరెంటు దాని మీద కుమ్మరించి, బావ పిడి చివరి మెట్టు మీద ఉంచి నిలబడ్డాడు.

ఆపాల్సిన కొక్కెం కింద చెక్కముక్క ఉంది.

వంటింట్లో అక్క చూస్తోంది. దీపం కుంగింది. లేవకుండానే ఇంకాస్త కుంగింది. ఆ వెంటనే మళ్లీ. చివరికి గాజు లోపల తీగ మాత్రం ఎర్రగా మిగిలి అలాగే ఉండిపోయింది. ఆమె గరిట పట్టుకునే గుమ్మంలోకి పరిగెత్తింది. గుట్ట అవతల నుంచి పొగ. మళ్లీ లోపలికొచ్చేసరికి దీపం ఒక్కసారిగా భగ్గున వెలిగింది, ఎప్పుడూ లేనంత నిండుగా. అవతల ఎవరో మెయిను లాగేశారన్నమాట. ఆ నిండు వెలుగు చూసి ఆమె గరిటతోనే క్రషర్ వైపు పరిగెత్తింది.

మెయిను లాగింది తమ్ముడు. మోటారు రాగి ఉంగరాల దగ్గర నిప్పురవ్వలు చూసి, "ఆపు బావా! ఆపు!" అని గోడ అవతల నుంచి అరిచాడు. స్టార్టరు గదిలోకి పరిగెత్తి బావ వీపు వెనకాల నిలబడి అరిచాడు. బావ పైనున్న బల్బుకేసి చూస్తూ నిలబడే ఉన్నాడు. తమ్ముడు మెయిను లాగాక గది చీకటయింది, అప్పుడు తిరిగి చూశాడు. మోటారు చుట్ల మీది వార్నిషు కాలిన వాసన అప్పటికి గాని అతని ముక్కుకు తగల్లేదు. తమ్ముడు తెరిచిన తలుపు వెలుగులో బావ మొహం కేసి, ఆరిపోయిన బల్బు కేసి మార్చి మార్చి చూశాడు. వైర్‌మన్ కదా, లెక్క ఈసారి సరిగ్గానే కట్టాడు.

మధ్యాహ్నానికి ఇంజినీరు వచ్చాడు. పెద్దగా కోప్పడే మనిషి కాదు. కాలిపోయిన మోటారు చూశాడు, చెక్కముక్క చూశాడు, చేతిలో తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. తర్వాత బావను ఒక ప్రశ్న అడిగాడు. కొక్కెం కింద చెక్క ఎవరు పెట్టారని. బావ అతని మీసాలు అడ్డం వచ్చి పెదాలు చదవలేకపోయాడు. "చలికి గ్రీజు బిగుసుకుందండీ" అన్నాడు. ఇంజినీరు మళ్లీ అడిగాడు. బావ మళ్లీ గ్రీజు సంగతే చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు.

"ఆయనకు వినపడదండీ" అంది అక్క. గరిట ఇంకా చేతిలోనే ఉంది. "చాలా రోజులైంది. నాకు తెలుసు."

తమ్ముడు రాళ్లగుట్ట దగ్గరికి వెళ్లి, వంగి వెతకడం మొదలుపెట్టాడు. పాత బల్బు దొరికితే ఏం చేద్దామనుకున్నాడో అతనికే తెలియదు. గాజు పెంకులు దొరికాయి.

ఇంజినీరు అక్కతో నెమ్మదిగానే చెప్పాడు. ఈ మోటారుకు ఎలాగూ రోజులు దగ్గర పడ్డాయని, కొత్త పద్ధతి మోటారూ డ్రైవ్ ప్యానెలూ పెట్టాలని ముందే నిర్ణయమైందని, వేసవికల్లా వచ్చేవేనని, ఇప్పుడు ఇంకాస్త ముందు వస్తాయని. ఓదార్పుగానే చెప్పాడు. అంటే ఏ తప్పూ జరగకపోయినా, చెవులు నిక్షేపంగా ఉన్నా, ఆ పిడి వేసవి దాటేది కాదు. ఇంతకాలం వాళ్లిద్దరూ దాచి దాచి కాపాడుకోవాలనుకున్నది వేసవిదాకా మిగిలిన ఆ నాలుగు నెలల్నే. ఈ సంగతి ఆమె మొగుడికి చెప్పలేదు. నాకు చెప్పింది, చెప్పి చీపురు తీసుకుని గుమ్మం ముందు దుమ్ము ఊడవడం మొదలుపెట్టింది.

డ్రైవ్ ప్యానెల్ వచ్చింది. ఇనప బీరువా అంత ఉంది. నేనూ వెళ్లి చూశాను, ఇలాంటివి ఎక్కడున్నా చూడకుండా ఉండలేను. అది కరెంటును కోసి తనకు కావలసినట్టు కుట్టుకుని, సున్నా నుంచి వేగం కొద్దికొద్దిగా పెంచుతూ పోతుంది. మూలుగు లేదు, గొణుగుడు లేదు, దీపాల మీద దెబ్బ లేదు. చలి రోజూ వాన రోజూ దానికొక్కటే. ఆకుపచ్చ మీట ఎవరు నొక్కినా సరే. నిజం చెప్పాలంటే బావ తన మంచి రోజుల్లో లేపినదానికన్నా బాగా లేపుతుంది. దాని తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. బావ కూడా వచ్చి దాని మీద అరచెయ్యి పెట్టి చూశాడు. లోపలి నుంచి ఏమీ తగల్లేదేమో, చెయ్యి తీసేసి లుంగీకి తుడుచుకున్నాడు. తమ్ముడు అతని ముందుకొచ్చి నిలబడి, పెదాలు కనపడేలా నిదానంగా, "నాకు చెప్పుంటే బాగుండేది బావా" అన్నాడు. బావ తలూపాడు. తమ్ముడు ఆ తర్వాత బావా అని కేకెయ్యడం మానేశాడు. దగ్గరికెళ్లి భుజం తట్టేవాడు. నెమ్మదిగా క్రషర్లో మిగతావాళ్లు కూడా ఆ పిలుపు వదిలేశారు. ఎలాగూ వినపడని పిలుపు.

బావను గేటు దగ్గర కాపలా పెట్టడానికి లేదు, లారీ హారను వినపడాలి. చివరికి కంకర మోసే బెల్టు దగ్గర వేశారు. కంకరతో పాటు కదిలివచ్చే మట్టిబెడ్డలు చేత్తో ఏరి పారేయాలి. ఆ హోరులో ఎవరి మాట ఎవరికీ వినపడదు, అందరూ సైగలే. "ఇక్కడ నాకేం లోటు లేదు. అందరూ చెవిటివాళ్లే" అన్నాడు నాతో ఒకసారి, నవ్వుతూనే. వేళ్ల చివర్లు నెత్తురు చిమ్మి కట్లు కట్టుకుని ఉన్నాడు. పిడి పట్టుకున్న చేతులు కదా, రాళ్లకు అలవాటు పడలేదు.

నా కాళ్లు బాగుపడ్డాయి. వెళ్లే ముందు రోజు సాయంత్రం చెప్పిరావడానికి వాళ్లింటికి వెళ్లాను. బావ పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. వంటింట్లో ఆ పాత బల్బే ఉంది. తమ్ముడు కొత్తది పెడతానంటే అక్క వద్దందట. పొద్దున్నే ఆమె ఇంకా దాని కింద నిలబడి చూస్తూనే ఉందని నాకు తెలుసు. గోడలదిరి దవడలో రాళ్లు పడ్డాయని తెలిసేదాకా చూసి, అప్పుడు టీ నీళ్లు పెడుతుంది.

బావ తువ్వాలుతో మొహం తుడుచుకుని, అలవాటు కొద్దీ అడిగాడు.

"ఎలా ఉంది ఇవాళ?"

అడిగాక గుర్తొచ్చినట్టుంది, గాని మాట వెనక్కి తీసుకోలేదు. అక్క చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. తడి చెయ్యి చీరకు తుడుచుకుని, అరచెయ్యి చాచి గాలిలో పెట్టింది. చెయ్యి కుంగలేదు, లేవలేదు. అలాగే నిలబెట్టి ఉంచింది. బావ కదులుతుందేమోనని ఆ చెయ్యినే చూస్తూ కూర్చున్నాడు.